ఒకే బరువు, రెండు బాణాలు

విజయవాడ విలుకాళ్లు జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్‌ల పుణ్యమా అని గురిపలక మీద బాణాలు వేసే విద్య మనకు బాగా దగ్గరైంది. వింటితో జింకల్ని వేటాడే అమెరికన్ సంప్రదాయం మాత్రం మనకు దూరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ అడవి జంతువుల వేట నేరం. అయినా క్రీడాకారుడి, వేటగాడి బాణాల మొనల్ని తూస్తే చుట్టరికం బయటపడుతుంది. ఒలింపిక్ బాణానికి సాధారణంగా 100 నుంచి 120 గ్రెయిన్ల మొన, వేట బాణానికి 100 లేదా 125. వంద గ్రెయిన్లంటే సుమారు ఆరున్నర గ్రాములు.

మైదానంలో ఆ బరువు 70 మీటర్ల దారి పొడవునా గాలిని తట్టుకోవడానికి పనికొస్తుంది. అలాగే అడవిలో, బ్రాడ్‌హెడ్ అనే వేట మొనకుండే అలుగులు గాలికి పక్కకు లాగినా బాణాన్ని దారిలో ఉంచడానికి. ఇద్దరికీ హెచ్చరిక కూడా ఒకటే: మొన బరువెక్కితే, వదిలిన క్షణంలో బాణం కాడ ఎక్కువగా వంగుతుంది. మొన మార్చినవాడు కాడ బిరుసునూ మళ్లీ చూసుకోవాలి.

అయితే గురిపలకకు తగలగానే ఒక బాణం పని ముగుస్తుంది. రెండోదాని పని తగిలాకే మొదలవుతుంది. అది పక్కటెముకలు దాటి ఊపిరితిత్తుల్ని కోయకపోతే జంతువు గాయంతో పారిపోయి నరకయాతన పడుతుంది. అందుకే వైట్‌టెయిల్ జింకకు పదునైన 100 గ్రెయిన్లు చాలనేవారు కూడా ఎల్క్, మూస్ లాంటి భారీ జింకల విషయానికొస్తే ఇంకా బరువు కోరతారు. ఆఫ్రికాలో వేట బాణాల మీద పరీక్షలు జరిపిన ఎడ్ ఆష్బీ, పెద్ద ఎముకను ఛేదించాలంటే మొత్తం బాణమే దాదాపు 650 గ్రెయిన్లుండాలంటాడు.

బరువు పెరిగితే వేగం తగ్గి, బాణం త్వరగా కిందికి దిగుతుంది. మైదానంలో దూరం ముందే తెలుసు కాబట్టి సైట్ సరిచేసుకుంటే సరిపోతుంది. అడవిలో జింక నిలబడే చోటు ముందే తెలియదు. దూరాన్ని కొంచెం తక్కువగా అంచనా వేసినా బాణం పొట్టకింద పోవచ్చు. బరువు ఎవరికి ఎక్కువ అవసరమో వారికే దాని ఖరీదూ ఎక్కువ.

కానీ క్రీడాకారుడికి లేని స్వేచ్ఛ ఒకటి వేటగాడికుంది. 70 మీటర్ల గీత దాటి ముందుకు రావడం ధీరజ్ చేతిలో లేదు. దగ్గరయ్యేదాకా ఆగడం, కుదరకపోతే వింటిని దించేయడం వేటగాడి చేతిలో ఉంది. కనుక కాడ మోయగలిగినంత బరువు మొననే ఎంచుకోవాలి. అదే బరువున్న సాధన మొన తగిలినచోటే బ్రాడ్‌హెడ్డూ తగులుతోందా అని చూసుకోవాలి. ఎంత దూరం దాటితే బాణం వదలకూడదో అప్పుడే తేల్చుకోవాలి. మైదానంలో మొన ఎంపిక ఒక్క గురికి సంబంధించిన నిర్ణయం, అడవిలో అది నిగ్రహానికి కూడా సంబంధించిన నిర్ణయం.