ప్రకృతిద్రవ్యములు – కణమరణము: ఒక విమర్శ

పసుపునందలి కుర్కుమిను గాజుపాత్రలోని కాన్సరు కణములను చంపుచున్నది. కావున పసుపు కాన్సరునకు ఔషధమనియు, మతిమరుపు వ్యాధికిని అదియే మందనియు పలువురు వ్రాయుచున్నారు. గ్రాంటురోడ్డు, కామాటిపుర ప్రాంతముల తెలుగు కుటుంబములకును ఇట్టి వ్రాతలు చేరుచున్నవి. ఈ వాదమున ‘కావున’ అను మాట ఎంత బరువు మోయగలదో విచారింతము.

శరీరమున కణము కాలము తీరగానే క్రమముగా నశించుట కలదు. 1972లో కెర్, విల్లీ, కర్రీ అను శాస్త్రజ్ఞులు దీనికి ‘అపాప్టోసిస్’ అని పేరిడిరి. గ్రీకు భాషలో ఆకులు రాలుట యని దాని భావము. కాన్సరునందు రాలవలసిన ఆకు రాలదు. అల్జీమర్సు, పార్కిన్సను వ్యాధులందు నిలువవలసిన నాడీకణములు నశించును. ఒకచోట మరణము కావలెను, మరియొకచోట కూడదు. రెంటికి నొకే మందనువారు అది ఏ కణమున, ఎంత మోతాదున, ఎట్లు పనిచేయునో చూపవలెను.

ప్రకృతిని తృణీకరించుట మన ఉద్దేశము కాదు. కెనడాలో నోబుల్, బీర్ అనువారు మధుమేహమునకు మందు వెదకుచు బిళ్ళగన్నేరును పరీక్షింపగా, దాని సారము తెల్లరక్తకణములను తగ్గించుట కాననయ్యెను. 1958లో విన్‌బ్లాస్టీను వెల్లడియయ్యెను; ఆ మొక్కనుండియే విన్‌క్రిస్టీనును లభించెను. ఇవి కణవిభజనను నిలిపి కణమును చంపును. అయితే విన్‌క్రిస్టీను నాడులను గూడ బాధించి వ్రేళ్ళకు తిమ్మిరి కలిగించును. కావుననే దానిని తూచి ఇత్తురు. ఆకుల కషాయమునకు అట్టి తూనిక లేదు.

కుర్కుమిను సంగతి వేరు. అది ప్రేగులనుండి రక్తములోనికి మిక్కిలి స్వల్పముగా చేరును. 2012లో ప్రకటితమైన 24 వారముల పరీక్షలో 36 మంది అల్జీమర్సు రోగులకు దానివలన మేలు కానరాలేదు.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును పోలిన అమినోప్టెరినును సిద్ధపరచెను. 1948లో ఫార్బరు దానిని 16 మంది రక్తకాన్సరు పిల్లల కిచ్చి, 10 మందిలో వ్యాధి తగ్గుముఖము పట్టినదని ప్రకటించెను. ఆ వ్యాసము శీర్షికలోనే ‘తాత్కాలిక’ అను పదమున్నది. ఆ యొక్క పదమే శాస్త్రమునకును ప్రచారమునకును గల భేదము.

కామాటిపురమునకు కొలది మైళ్ళలో, పరేలునందు 1941నుండి టాటా స్మారక వైద్యశాల కలదు. పసుపు కూరలో నుండవచ్చును. దానిని నమ్మి చికిత్సను వాయిదా వేయుట మాత్రము ప్రాణముతో పందెము. తినుచున్న మూలికలను వైద్యునకు దాచకుండ చెప్పుట రోగికి మేలు. ‘కావున’ అనుటకు ముందు నిదర్శనము చూపుట వ్రాయువారికి ధర్మము.