లుబాన్ పొగలో పరమాణువు

ఒమాన్‌లోని సలాలాలో సాయంత్రమైతే ఏ ఇంటి ముందు చూసినా ధూపం వేసే మజ్మర్‌లో నిప్పులు, వాటి మీద లుబాన్ అనే సుగంధపు బంక పలుకులు. సూక్‌లో (బజారులో) ఆకుపచ్చ ఛాయ ఉన్న హోజరి రకానిదే ఎక్కువ ధర. నేను మాత్రం చౌకది అడుగుతాను. నాకు కావలసింది వాసన కాదు, పొగ. ట్యూషన్ పిల్లలకు పరమాణువు పాఠం దాంతోనే మొదలుపెడతాను.

"పరమాణువుని ఎవరైనా చూశారా సార్?" తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. పుస్తకం దీన్ని దాటేస్తుంది. 1808లో డాల్టన్, పేజీ తిప్పితే 1897లో థామ్సన్, ఆపైన రూథర్‌ఫర్డ్, బోర్. డాల్టన్ తర్వాత వందేళ్ల దాకా రసాయన శాస్త్రవేత్త ఓస్ట్వాల్డ్ లాంటి ఉద్దండులే పరమాణువును నిజమని ఒప్పుకోలేదన్న సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు.

చిన్న గాజు పెట్టెలో పొగ పట్టి మూత పెడతాను. పక్క నుంచి సన్నటి వెలుతురు పంపి సూక్ష్మదర్శినిలో చూడమంటాను. గదిలో పొగ మెలికలు తిరగడం గాలి వాటం, దానికీ పాఠానికీ సంబంధం లేదు. పెట్టెలో పొగ కుదుటపడ్డాక చూడాలి: మెరిసే చుక్కలు ఒక్కటీ నిలవవు, తీరూ తెన్నూ లేకుండా అటూ ఇటూ ఉలికిపడుతూనే ఉంటాయి. "వాటినెవరు తోస్తున్నారు?" అని పిల్లలే అడిగేదాకా నేను నోరు విప్పను. తోస్తున్నవి గాలిలోని అణువులు. మన కంటికి ఆనేది దెబ్బలు తింటున్న పొగ నలుసే.

నీళ్లలో ఈ కదలికను రాబర్ట్ బ్రౌన్ 1827లోనే గమనించాడు. 1905లో ఐన్‌స్టీన్ దానికి లెక్క కట్టాడు. ఆ లెక్కను పరీక్షకు పెట్టినవాడు పారిస్‌లోని జీన్ పెరిన్. ఆయన వాడిందీ చెట్టు బంకే, గాంబోజ్ అనే పసుపు రంగుది. ఇక్కడి ధోఫార్ కొండల వెనక లుబాన్ చెట్టుకు గాటు పెడితే పాలలా కారి గడ్డకట్టేదీ ఆ జాతి సరుకే. పెరిన్ ఆ బంకను నీళ్లలో కలిపి, నెలల తరబడి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఒకే సైజు గింజలను వేరుచేశాడు. మిల్లీమీటరులో పదోవంతు లోతున్న నీటిపొరలో ఏ ఎత్తున ఎన్ని గింజలున్నాయో కూర్చుని లెక్కపెట్టాడు. కొండెక్కేకొద్దీ గాలి పలచబడినట్టే గింజలూ పలచబడ్డాయి. దాన్నుంచి అవగాడ్రో సంఖ్య (ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల లెక్క) సుమారు 7×10²³ అని తేలింది. నేటి విలువ 6.022×10²³. ఓస్ట్వాల్డ్ 1909లో ఓటమి ఒప్పుకున్నాడు. పెరిన్‌కు 1926లో నోబెల్ వచ్చింది.

"మాస్టారూ, ఇది పరీక్షకొస్తుందా?" అంటారు తల్లిదండ్రులు. రాదు. 2, 8, 1 అని సోడియం కక్ష్యలు గీసేస్తే మార్కులు పడిపోతాయి. కానీ ఎందుకు నమ్మాలో తెలియకుండా గీసిన సున్నాలు ముగ్గుతో సమానం.

మన ఊళ్లలో లుబాన్ దొరక్కపోవచ్చు, అగరుబత్తి దొరకని ఊరు లేదు. సూక్ష్మదర్శిని ఉన్న బడుల్లోని కెమిస్ట్రీ మాస్టార్లూ, టీచరమ్మలూ, ఈ ఏడాది బోర్ నమూనా బోర్డు మీద వేసే ముందు ఒక్క పీరియడ్ పొగకివ్వండి.