నల్లని తెరయు నోమోడ్‌సెట్ మంత్రమును

లినక్స్‌ను కొత్తగా ఎక్కించిన కంప్యూటర్లలో తరచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. ఎక్కించుచున్నంతసేపును తెర చక్కగా వెలుగుచుండును. పని ముగిసి కంప్యూటరును తిరిగి ప్రారంభింపగనే తెర నల్లబడి, ఎంతసేపు వేచియున్నను అట్లే నిలిచిపోవును. లేదా బొమ్మ వచ్చును గాని అక్షరములు లావై, మసకబారి, వెడల్పు తెరపై అంతయు సాగదీసినట్లు కనబడును. అట్టి సమయమున సలహా కోరినవారికి సాధారణముగా లభించునది ఒకే మాట: ప్రారంభపు వరుసలో 'నోమోడ్‌సెట్' చేర్చుడు. దానిని చేర్చిన వెంటనే చాలమారులు తెర వెలుగును. వెలిగినది గదా యని అంతటితో కథ ముగించుదురు. ఇరువది కంప్యూటర్ల ప్రయోగశాలకు ఒక్క ఉపాధ్యాయుడే దిక్కైన పాఠశాలలో ఆ మాట ఇరువదింటను శాశ్వతముగా నాటుకొని పోవును. ఈ సలహా ఎంతవరకు సరియైనది, దానిని అందించు సహాయపత్రములు పాఠకునికి ఏమి నేర్పుచున్నవి అనునది విచారింపదగిన విషయము.

వెనుకటి పత్రములు ఇప్పటివానికంటె కొన్ని విధముల మేలుగా నుండెననిన కొందరికి వింతగా తోచవచ్చును. ఎరిక్ రేమండ్ వ్రాసిన 'ఎక్స్‌ఫ్రీ86 వీడియో టైమింగ్స్ హౌటూ' అను పత్రము ఇందుకు ఉదాహరణము. ఆ కాలమున తెరకు పంపవలసిన సంకేతముల కాలమానమును వాడుకరియే నిర్ణయించి ఒక ఫైలులో వ్రాసికొనవలసి వచ్చెడిది. ఆ వరుసకు మోడ్‌లైన్ అని పేరు. 1024 చుక్కల వెడల్పును 768 వరుసల ఎత్తును గల బొమ్మకు ప్రసిద్ధమైన మోడ్‌లైనులో సెకనుకు 6 కోట్ల 50 లక్షల చుక్కలు పోవును. ఒక్కొక్క వరుసకు 1344 చుక్కల కాలము, ఒక్కొక్క బొమ్మకు 806 వరుసల కాలము కేటాయింపబడును. కనబడునవి 1024 చుక్కలే యైనపుడు 1344 ఏల? పిక్చర్ ట్యూబు తెరలో ఎలక్ట్రానుల పుంజము వరుస చివరనుండి మరల మొదటికి వచ్చుటకు కొంత వ్యవధి కావలెను. మిగిలిన 320 చుక్కల కాలము అందుకు విడిచినదే. అట్లే తెర అడుగునుండి పైకి చేరుటకు 38 వరుసల కాలము. ఇక 6,50,00,000ను 1344తో భాగించినచో సెకనుకు సుమారు 48,363 వరుసలు వచ్చును. దానిని 806తో భాగించినచో సెకనుకు 60 బొమ్మలు. తొమ్మిదవ తరగతి విద్యార్థి నల్లబల్లపై చేయగల లెక్క ఇది.

రేమండు ఈ లెక్కను మొదటినుండి చివరివరకు నడిపించును. తెర ఓర్చుకొనగల పౌనఃపున్యమును మించి సంకేతము పంపినచో తెరకు హాని కలుగవచ్చునని కూడ హెచ్చరించును. లోపములు లేకపోలేదు. పత్రము దీర్ఘమైనది, తెరతో వచ్చిన చిన్నపుస్తకమును పోగొట్టుకొన్నవాడు లెక్క మొదలుపెట్టుటకే అంకెలు లేక నిలిచిపోవును. అయినను ఓపికతో చదివినవాడు కారణము తెలిసికొని లేచెడివాడు.

ఆ కష్టము తీరినది తెరలు మాటలాడ నేర్చినందువలన. 1994లో వెసా అను ప్రమాణముల సంస్థ ఎడిడ్ అను పద్ధతిని ప్రకటించినది. దాని ప్రకారము ప్రతి తెరయు తన తయారీదారుడెవరు, తన కొలత లెంత, తనకు తగిన మోడ్ ఏది అను వివరములను 128 బైట్లలో దాచుకొని కంప్యూటరు అడిగినపుడు చెప్పును. ఆ చీటీ దారిలో చెడలేదని తెలియుటకు చక్కని ఏర్పాటు కలదు: 128 బైట్లను కూడిన మొత్తము 256చే నిశ్శేషముగా భాగింపబడవలెను. అట్లగునట్లు చివరి బైటును నింపుదురు.

పాత విజిఎ తీగలో ఈ సమాచారము 12, 15 సంఖ్యలు గల సూదుల ద్వారా వచ్చును. చౌకరకపు తీగలలోను, ఒకే బొమ్మను మానిటరుకును ప్రొజెక్టరుకును పంచిపెట్టు పెట్టెలలోను ఆ దారులు లేకుండుట కద్దు. అప్పుడు కెర్నెలు ఎదుట నున్న తెర ఎట్టిదో తెలియక 1024, 768 కొలతను మించని మోడులతో సరిపెట్టుకొనును. పాఠశాల గోడకు బిగించిన ప్రొజెక్టరు వద్ద కనబడు మసక అక్షరములకు ఒక్కొక్కప్పుడు ఇంతే కారణము. దోషము తీగది, నింద లినక్స్‌ది.

ఇట్టి చిక్కునకు ప్రచారములో నున్న చికిత్స ఒకటి కలదు. 'సివిటి' అను ప్రోగ్రామునకు 1920, 1080 అను కొలతలు చెప్పి, అది ముద్రించిన మోడ్‌లైనును 'ఎక్స్‌రాండర్' అను ప్రోగ్రాముతో చేర్చుడని చెప్పుదురు. సహాయపత్రములలోని బలహీనత ఇచ్చట స్పష్టముగా బయటపడును. సివిటి ఆ కొలతకు ముద్రించునది సెకనుకు 17 కోట్ల 30 లక్షల చుక్కలు. ఏలనగా ప్రత్యేకించి చెప్పనిచో అది పిక్చర్ ట్యూబు కాలపు పుంజమునకు కావలసిన విరామమును లెక్కలో చేర్చి, వరుసకు 2576 చుక్కల కాలమును కేటాయించును. టెలివిజను ప్రమాణములో అదే కొలతకు వరుసకు 2200, బొమ్మకు 1125. సెకనుకు 60 బొమ్మలకు 14 కోట్ల 85 లక్షల చుక్కలు చాలును. ఒంటి లంకె డివిఐ తీగకు, తొలినాటి హెచ్‌డిఎంఐ తీగకు పరిమితి 16 కోట్ల 50 లక్షలు. అనగా సలహాలో నున్న సంఖ్య తీగ మోయగల బరువును మించినది, మానిటరునకు నిజముగా కావలసినది మించనిది. విరామమును తగ్గింపుమని సివిటికి చెప్పు వీలు కలదు. 'ఆర్' అను ఒక్క అక్షరము చేర్చిన సంఖ్య 13 కోట్ల 85 లక్షలకు దిగును. ఆ అక్షరము లేని సలహాయే ఎక్కువ కంటబడును. రేమండు పత్రమును చదివినవాడు 17 కోట్ల 30 లక్షలను చూచినంతనే అనుమానించెడివాడు. నేటి పాఠకునికి అది అర్థము లేని అంకెల వరుస. పని చేసిన సంతోషము, చేయనిచో నిరాశ.

సలహాలకు తేదీ లేకుండుట మరియొక లోపము. ఫెడోరా 2016లోను, ఉబుంటు 2021 ఏప్రిలులోను సాధారణ వాడుకకు వేలాండ్ అను కొత్త దృశ్యపద్ధతిని స్వీకరించినవి. ఎక్స్‌రాండరుతో మోడును మార్చు ఉపాయము పాత ఎక్స్ పద్ధతికి చెందినది; వేలాండ్ కింద అది చెల్లదు. ఈ ఒక్క వాక్యము లేనందున విద్యార్థి తన వ్రాతలోనే తప్పున్నదని భ్రమించి అదే ఆజ్ఞను మరల మరల కొట్టుచుండును.

ఇక నోమోడ్‌సెట్ సంగతి. 2009 మార్చిలో వెలువడిన లినక్స్ 2.6.29తో, మొదట ఇంటెల్ చిప్పుల విషయమున, తెర మోడును నిర్ణయించు పని ఎక్స్ సర్వరునుండి కెర్నెలునకు మారెను. తక్కిన చిప్పులు తరువాత ఆ దారి పట్టినవి. కొత్త ఏర్పాటు కుదరనిచోట దానిని మాన్పించుటకు ఈ మాట వాడుకలోనికి వచ్చెను. పేరును బట్టి 'మోడును మార్చవద్దు' అని మాత్రమే అర్థము తోచును. నిజముగా జరుగునది అంతకంటె పెద్దది: గ్రాఫిక్స్ డ్రైవరే పనిలోనికి దిగదు. కంప్యూటరు మేల్కొనునపుడు ఫర్మ్‌వేర్ సిద్ధపరచి యిచ్చిన ఫలకముపైననే బొమ్మ వ్రాయబడును. దాని కొలతను మార్చుటకు వీలుండదు. రెండవ తెర గుర్తింపబడదు. చిత్రములు గీయు పని యంతయు ప్రధాన ప్రాసెసరుపై పడును. వీడియో పాఠము నడుచునపుడు ఫ్యాను హోరెత్తుట అందువలననే. తెర వెలుతురును తగ్గించుట, యంత్రమును నిద్రపుచ్చి లేపుట కూడ కుదరకపోవచ్చును.

ఇంతటి ఫలితములు గల మాటకు కెర్నెలుతో వచ్చు పారామీటర్ల జాబితాలో వివరణ చేరినది 2022 మార్చిలో వెలువడిన 5.17వ కూర్పుతోనే. పదేండ్లకు పైగా లోకమంతయు వాడిన ఔషధమునకు సీసాపై చీటీ లేదన్నమాట. నడుమ ఒక విడ్డూరము జరిగినది. ఈ మాటతో ప్రారంభించినవారికి కెర్నెలే ఒక హెచ్చరికను ముద్రింపసాగెను: గ్రాఫిక్స్ డ్రైవర్లు ఆపివేయబడినవనియు, నోమోడ్‌సెట్ ఏమి చేయునో నిజముగా తెలిసిననే తప్ప ఇది లేకుండ తిరిగి ప్రారంభింపుడనియు దాని భావము. తెలిసికొనుటకు తన జాబితాలోనే చోటు లేనపుడు తెలియనివానిని మందలించుట ఏమి న్యాయము? 5.17లో ఆ మందలింపును తీసి, ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫలకము మాత్రమే అందుబాటులో నుండునని సూటిగా చెప్పిరి. జాబితాలోని కొత్త పేరా పొట్టిది, స్పష్టమైనది. దోషము తటస్థించినపుడు ఆధారముగను, పరీక్షకును ఉపయోగించునని అందు కలదు. ఈ 'పరీక్ష' అను మాటనే సలహాదారులు విడిచిపెట్టుచున్నారు.

పరీక్షగా చూచినపుడు నోమోడ్‌సెట్ విలువైనది. దానితో తెర వెలిగినచో తెరయు తీగయు బాగుగనే యున్నవి. అనుమానము డ్రైవరుపైకి పోవును. వెలగనిచో వెదకవలసినది వేరుచోట. దానికి ముందే చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. క్యాప్స్ లాక్ మీట నొక్కినపుడు దాని దీపము మారుచున్నదా? మారినచో యంత్రము చావలేదు, చూపు మాత్రమే పోయినది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కినపుడు అక్షరములతో ప్రవేశద్వారము తెరచుకొన్నచో డ్రైవరు పని చేయుచున్నది. తప్పు పైనున్న డెస్క్‌టాపు ప్రోగ్రాములది. ఒక్కొక్కసారి ఒక్క అంశమునే మార్చి ఫలితమును చూచు ఈ పద్ధతి భౌతికశాస్త్రపు ప్రయోగశాలలో బాలురకు దినదినమును నేర్పునదే.

డ్రైవరుపై అనుమానము నిలిచినపుడు కెర్నెలు చిట్టాను చదువవలెను. ఆధునికమైన ఎఎమ్‌డి చిప్పులకు డ్రైవరుతోపాటు ప్రత్యేక ఫర్మ్‌వేర్ ఫైళ్లు కావలెను. లేనిచో చిట్టాలో అవి దొరకలేదని వ్రాసియుండును. డెబియన్ వారు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమమును పాటించి అట్టి ఫైళ్లను తమ అధికారిక స్థాపక డిస్కులలో చేర్చెడివారు కారు. 2022లో ఓటు తీసికొని, 2023 జూనులో వెలువడిన 12వ కూర్పునుండి చేర్చిరి. సెక్యూర్ బూట్ పని చేయుచున్నచోట సంతకము లేని డ్రైవరును కెర్నెలు త్రోసిపుచ్చును. ఎన్‌విడియా డ్రైవరును ఎక్కించియు ఎక్కనట్లే యుండుటకు ఇది యొక కారణము. రెండు సందర్భములలోను నోమోడ్‌సెట్ తెరను వెలిగించును, కారణమును కప్పిపుచ్చును.

తప్పంతయు పత్రములు వ్రాయువారిదే యనుట న్యాయము కాదు. ఎన్‌విడియా చిప్పుల లోగుట్టు తయారీదారు చెప్పనందున నూవో డ్రైవరును కట్టినవారు యంత్రపు ప్రవర్తనను గమనించి ఊహించుచు పోవలసి వచ్చెను. ఆ సంస్థ తన కెర్నెలు మాడ్యూళ్ల మూలపాఠమును బహిరంగపరచినది 2022 మేలో. వ్రాయువానికే తెలియని కారణమును పాఠకునికి తెలుపుట ఎట్లు? అయినను తెలిసినచోట కూడ చెప్పకుండుటకు అది సాకు కాజాలదు. సివిటి లెక్కలో రహస్యమేమియు లేదు.

చికిత్సను ఆపుట ఎట్లో చెప్పకుండుట కూడ ఈ పత్రములలో తరచుగా కనబడు లోపమే. గ్రబ్ పట్టిక కనబడినపుడు 'ఇ' మీట నొక్కి, 'లినక్స్' అని మొదలగు వరుస చివర చేర్చిన మాట ఆ ఒక్క ప్రారంభమునకే చెల్లును. పరీక్షకు అది చాలును. ఉబుంటు, డెబియన్‌లలో గ్రబ్ అమరికల ఫైలులో వ్రాసిన మాటయైతే ప్రతి ప్రారంభమునను అమలగుచుండును. సరియైన డ్రైవరును ఎక్కించిన పిమ్మట ఆ ఫైలునుండి దానిని తుడిచి, 'అప్‌డేట్ గ్రబ్' ఆజ్ఞను నడిపిన గాని అది తొలగదు. 2022 నాటి పేరాలో నైనను ఈ సంగతి లేదు. గ్రబ్ తమ పరిధి కాదని కెర్నెలువారు అనవచ్చును.