గాలి గొట్టాల అతుకులు

గాలి మండదు, విషపూరితం కాదు, కారినా నేల తడవదు గనుక, ఆవిరి గొట్టం వెల్డింగ్‌పై చూపే శ్రద్ధను కర్మాగారాలు కంప్రెస్డ్ ఎయిర్ గొట్టంపై చూపకపోవడం పాతుకుపోయిన అలవాటు. అయితే నీటి గొట్టం చిట్లితే లోపలి ఒత్తిడి వెంటనే పడిపోతుంది. గాలి మాత్రం వ్యాకోచిస్తూ, తనలో నిల్వ ఉన్న శక్తినంతా ఒక్కసారిగా వెలువరిస్తుంది.

అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం వెలువరించే బీ31.3 ప్రమాణం ప్రకారం, మండని, విషరహితమైన ద్రవాలు, వాయువులు 1035 కిలోపాస్కల్స్, అంటే చదరపు అంగుళానికి 150 పౌండ్ల డిజైన్ ఒత్తిడికి మించకుండా ప్రవహించే గొట్టాలను, ఉష్ణోగ్రత కూడా నిర్దేశించిన హద్దుల్లో ఉంటే, యజమాని ‘కేటగిరీ డి’గా వర్గీకరించవచ్చు. సాధారణ తరగతి గొట్టాల చుట్టతుకుల్లో కనీసం 5 శాతానికి ఎక్స్‌రే లేదా అల్ట్రాసోనిక్ పరీక్ష తప్పనిసరి కాగా, ఈ కేటగిరీకి కంటితో చేసే తనిఖీ చాలు. తనిఖీకి ఇచ్చిన ఈ సడలింపును పనితనానికి కూడా వర్తింపజేసుకోవడమే అసలు తప్పు. పరీక్షించి ఖరారు చేసిన వెల్డింగ్ విధానం, దాని ప్రకారం పరీక్షలో నెగ్గిన వెల్డర్ గాలి గొట్టానికీ ఉండవలసిందే. గల్ఫ్ పనులకు వెళ్లే తెలుగు వెల్డర్లకు సుపరిచితమైన 6జీ, అంటే గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ వెల్డ్ చేయించే పరీక్ష, అటువంటిదే. తాము పరీక్షలో నెగ్గిన వెల్డింగ్ ప్రక్రియలో 6 నెలలకు మించి వెల్డింగ్ చేయనివారి అర్హత చెల్లదు.

అతుకు మంచిచెడ్డలను నిర్ణయించేది రూట్ పాస్, అంటే గొట్టం లోపలి అంచులను కలిపే మొదటి వరుస. రెండు గొట్టాల మధ్య గ్యాప్ తగ్గినా, ట్యాకులను, అంటే గొట్టాలను తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డులను, గ్రైండింగ్‌తో పలచన చేయకుండా వాటి మీదుగానే రూట్ లాగేసినా, లోపలి అంచు కరగక సన్నని గాడి మిగిలిపోతుంది. దీన్నే ఇన్‌కంప్లీట్ పెనెట్రేషన్ అంటారు. పైన క్యాప్, అంటే చివరి వరుస, ఎంత నునుపుగా కుదిరినా ఈ గాడి మాసిపోదు. గాలిలోని తేమ చల్లబడి నీరై అందులో చేరితే కార్బన్ స్టీలు తుప్పు పడుతుంది. పిస్టన్ కంప్రెసర్ అదురు కూడా తోడైతే గాడి మొన దగ్గర పగులు పుట్టి క్రమంగా పాకుతుంది. ప్రెషర్ టెస్టు ఆనాటి బలాన్ని చూపుతుందే తప్ప, ఏళ్ల తరబడి అదురు తిన్న అతుకు ఏమవుతుందో చెప్పలేదు.

అందుచేత గాలి లైన్ వేయించే యజమానులు ప్రెషర్ టెస్టు రిపోర్టుతో సరిపెట్టుకోకుండా, వెల్డర్ అర్హత పత్రాన్ని, వెల్డింగుకు ముందు జరిగిన ఫిట్‌అప్ (గొట్టాల అమరిక) తనిఖీ రికార్డును కూడా అడిగి తీసుకోవాలి.