గులాబీకీ ఏడు తరాలు చూడాలి

కార్తీకమాసం వచ్చేసరికి ఏలూరు వీధుల్లోకి బండ్ల మీద గులాబీ మొక్కలు దిగుతాయి. చాలావరకు కడియం నర్సరీల సరుకే. విచ్చిన పువ్వు రంగు చూసి బేరమాడి తెచ్చుకుంటాం. మళ్లీ వానలు పడేనాటికి ఆకులు పండి రాలిపోయి పుల్ల మిగులుతుంది. “మన నేలకి గులాబీ రాదండీ” అని తీర్మానించేస్తాం. నేనా మాట ఒప్పుకోను. పిల్లనిచ్చేటప్పుడు అటేడు తరాలు, ఇటేడు తరాలు చూసేవాళ్లం, గులాబీ దగ్గర మాత్రం రంగు చూసి ఊరుకుంటున్నాం.

మనం కొనే అంటుమొక్కలో ఉండేవి రెండు గులాబీలు. కింద వేరు నాటురకానిది, పైన పూసేది హైబ్రిడ్. నాటుకొమ్మ బెరడు చీల్చి, అందులో మంచిరకం కన్ను ఇమిడ్చి కట్టు కడతారు. అతుకు దగ్గర కాండం కాస్త ఉబ్బి ఉంటుంది, వేలితో తడిమితే తెలిసిపోతుంది. ఒక్కోసారి ఆ ఉబ్బు కిందనుంచి లేతాకుపచ్చ చిగురొకటి ఏపుగా, మొగ్గన్నది లేకుండా సర్రున లేస్తుంది. మొక్క తేరుకుందని సంబరపడకండి. అది నాటువేరు సొంతంగా వేసుకున్న కొమ్మ. కత్తెరతో కోస్తే మళ్లీ నాలుగు పుడతాయి. మట్టి తోడి, పుట్టినచోటు దాకా వెళ్లి, చేత్తో కిందికి లాగి పెరికెయ్యాలి. ఉపేక్షిస్తే బలమంతా అదే లాక్కుంటుంది, పైనున్న హైబ్రిడ్ చిక్కిపోతుంది.

అసలు మన నేల సంగతేమిటి? కొల్లేరు చుట్టూ బంకమట్టి. బుడమేరు, తమ్మిలేరు పొంగి దిగాక రోజుల తరబడి తేమ ఆరదు. వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. చల్లని దేశాల్లో పుట్టిన హైబ్రిడ్ టీ గులాబీని తెచ్చి ఇందులో నిలబెడితే అదేం చేస్తుంది పాపం!

తమ వాతావరణానికి తగిన తల్లిని వెతుక్కోవాలన్న లెక్క చలిదేశాలవాళ్లు ఎప్పుడో గ్రహించారు. జపాన్, కొరియా, కంచట్కా తీరాల ఇసుకదిబ్బల మీద రుగోసా అనే అడవి గులాబీ ఉంది. ఉప్పుగాలికి జంకదు. ముడతలుపడ్డ దళసరి ఆకుకి తెగుళ్లు తేలిగ్గా అంటవు. కెనడాలోని అల్బెర్టాలో జార్జ్ బ్యునే అనే రైతు, రచయిత కూడా, రుగోసాను ఇతర అడవి గులాబీలతో సంకరం చేసి 1950లో తెరేజ్ బ్యునే రకాన్ని తెచ్చాడు. ప్రాణం గడ్డకట్టే చలిలో అది బతికి పూస్తుంది. ఒట్టావాలో ఫెలిసిటాస్ స్వేడా అనే పరిశోధకురాలు, చలిని తట్టుకునే ఎక్స్‌ప్లోరర్ గులాబీల వరసను రుగోసా సంతానమైన మార్టిన్ ఫ్రోబిషర్‌తో 1968లో మొదలుపెట్టారు. అలాగని రుగోసాను ఏలూరు తెస్తే లాభం లేదు. దానికి శీతకాలపు నిద్ర కావాలి, మన రోహిణీ కార్తె కాదు.

మనకు తగిన తల్లి మన దేశంలోనే ఉంది. పేరు రోజా క్లైనోఫిల్లా. బెంగాల్, బిహార్ నదుల ఒడ్డున, వానాకాలంలో వేళ్లు నీళ్లలో నానుతున్నా బతికే తెల్లపూల గులాబీ. దాని విలువ పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి ఎం.ఎస్. వీరరాఘవన్ గారు. 1980లో ముందుగానే ఉద్యోగ విరమణ చేసి, కొడైకెనాల్‌లో భార్య గిరిజ గారితో కలిసి క్లైనోఫిల్లాతోను, మణిపూర్ కొండల్లోని గైగాంటియా అనే అడవి గులాబీతోను వేడిదేశాలకు తగ్గ గులాబీలు సృష్టించడానికే పూనుకున్నారు. కలెక్టరు కుర్చీ స్థాయి కొలువును ఒక అడవిపువ్వు కోసం వదులుకోవడం నాకు చాలా పెద్దపనిగా కనిపిస్తుంది. ఆ కృషి ఫలాన్ని మన ప్రాంతం ఇంకా అందుకోవలసినంత అందుకోలేదు.

తాడేపల్లిగూడెం పక్కనే, వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. క్లైనోఫిల్లా సంతానాన్ని కొల్లేటి బంకమట్టిలో నాలుగు వానాకాలాలు పెంచి, ఏది నిలిచిందో రైతులకు, నర్సరీలకు చెప్పమని అక్కడి శాస్త్రవేత్తలకు నా విన్నపం. అందాకా మీరు మట్టి మీద జానెడెత్తు దిబ్బ పోసి, అతుకు నేలకు పైనుండేలా నాటండి. కొనేముందు రంగుతో పాటు, కింద వేరు ఏ రకమో కూడా నర్సరీవాళ్లని తప్పకుండా అడగండి.