‘డ్రా బ్యాక్’ – ‘వెనుకతీయుట’: హెబ్రీ 10:38 అనువాదంపై ఒక విమర్శ

హెబ్రీ 10:38లోని ‘హుపోస్టెల్లో’ అనే గ్రీకు క్రియను 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం ‘డ్రా బ్యాక్’ అని తర్జుమా చేసింది. దీనిని ‘విత్‌డ్రా’తో సమానంగా భావించి బోధించడం తగదు. ప్రభువు ప్రార్థన చేయుటకు అరణ్యమునకు వెళ్లిన సందర్భంలో (లూకా 5:16) అదే అనువాదం ‘విత్‌డ్రా’ను వాడింది. అది పరిచర్యలో భాగమే. ‘డ్రా బ్యాక్’ అయితే, ముందుకు అడుగువేసినవాడు అపాయాన్నో నష్టాన్నో చూచి తననుతాను వెనుకకు లాగుకొనడం. గ్రీకులో ఈ క్రియ తెరచాపను దించుటకు కూడా చెల్లుతుంది.

ఈ క్రియకు మంచి వ్యాఖ్యానం పేతురే. అంతియొకయలో అన్యజనులతో భుజించుచుండిన అతడు సున్నతి పొందినవారికి భయపడి వెనుకతీశాడు (గలతీ 2:12). పౌలు తాను అలా చేయలేదని అపొ. కార్యములు 20:20, 27లో అదే క్రియతో సాక్ష్యమిస్తాడు. కింగ్ జేమ్స్ ఈ నాలుగు చోట్ల నాలుగు వేర్వేరు మాటలు వాడడం వలన ఆంగ్ల పాఠకునికి ఈ సంబంధం కనబడదు. మన తెలుగు బైబిలు గలతీలోను హెబ్రీలోను ‘వెనుకతీయు’ అనే మాటనే నిలుపుకొన్నది. అయితే యోహాను 6:66లో, వేరొక గ్రీకు పదబంధానికి కూడా అదే మాట వాడింది. అక్కడి శిష్యులు ప్రభువును విడిచిపోయారు; పేతురు విడిచిపోలేదు, జంకాడు. ఈ భేదం గమనించాలి.

మరొక విషయం. కింగ్ జేమ్స్ ‘ఎవడైనను’ అనే అర్థమిచ్చే కర్తను వాక్యంలో చేర్చింది. గ్రీకు మూలంలో అది లేదు. హబక్కూకు 2:4 గ్రీకు పాఠంలో వెనుకతీయుటను గూర్చిన మాట ముందు, నీతిమంతుని మాట తరువాత వస్తాయి. పత్రిక రచయిత ఆ వరుసను మార్చాడు. కనుక హెబ్రీలో వెనుకతీయగలవాడు నీతిమంతుడే. ‘అతడు’ అన్న తెలుగు అనువాదమే ఇక్కడ మూలానికి దగ్గర. హెచ్చరిక బయటివారికి కాదు, విశ్వాసులకే.

దీని ఫలితం సంఘ కాపరి బాధ్యతపై పడుతుంది. 39వ వచనం ఈ మార్గం నాశనానికి దారితీస్తుందని చెప్పుచున్నది గనుక హెచ్చరికను తేలిక చేయరాదు. అలాగని, జంకిన ప్రతివానిని విశ్వాసభ్రష్టుడని తీర్పు తీర్చనూ కూడదు. పౌలు పేతురును ముఖాముఖిగా గద్దించాడు, వెలివేయలేదు.