వెయ్యి గంటల కూలి

సోమవారం పొద్దున పేపరు విప్పగానే మధ్యలోంచి ఓ కరపత్రం జారి కాఫీ గ్లాసు పక్కన పడింది. విదేశీ చదువులకు పంపే కన్సల్టెన్సీ వాళ్లది. ‘సోషల్ వర్క్‌లో మాస్టర్స్ (ఎంఎస్‌డబ్ల్యూ). ఉద్యోగం చేసుకుంటూనే చదవండి. పీఆర్‌కు దగ్గరి దారి’ అని ఎర్రటి అక్షరాలు. కింద నల్ల గౌను తొడుక్కుని టోపీ గాల్లోకి విసురుతున్న అమ్మాయి బొమ్మ. ఆ పిల్ల మొహంలో నిద్ర చాలని జాడే లేదు. నాకు ఒళ్లు మండింది.

ఎందుకు మండిందో చెబుతాను. సోషల్ వర్క్ దూరవిద్య గురించి ‘పోస్టులో ఈత నేర్పలేం’ అని ఈ కాలమ్‌లో నేను రాసిన ప్రతిసారీ అలా చదివినవాళ్లు ఉత్తరాలతో దులిపేస్తూనే ఉన్నారు. అయినా ముప్పై ఏళ్లు ఎంఎస్‌డబ్ల్యూ పిల్లల ఫీల్డ్‌వర్క్ చూసినవాణ్ణి, నా మొండితనం నాది. లెక్చరు రాత్రిపూట వినొచ్చు, పుస్తకం బస్సులో చదవొచ్చు. బస్తీలో ఒక మనిషి ఎదుట కూర్చుని ఆమె చెప్పేది, చెప్పలేక మింగేసేది వినడం మాత్రం కునికిపాట్లు పడుతూ చేసే పని కాదు. కాబట్టి ఉద్యోగం చేసేవాళ్లు ఈ చదువు జోలికి రాకూడదన్నది నా పాత పాట. ఈ వారం కూడా అదే ఎత్తుకుందామని కూర్చున్నాను.

ఆ సాయంత్రమే మెల్‌బోర్న్ నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. అక్కడ ఎంఎస్‌డబ్ల్యూ రెండో ఏడు. పగలు ప్లేస్‌మెంటు, అంటే ఫీల్డ్‌వర్క్; రాత్రుళ్లు వృద్ధుల కేర్ హోమ్‌లో డ్యూటీ.

‘ఎంతవరకు వచ్చిందమ్మా చదువు?’ అన్నాను.

‘ఆరొందల నలభై అయ్యాయి మావయ్యా. ఇంకా మూడొందల అరవై.’

మార్కులు కావవి, గంటలు. ఆస్ట్రేలియాలో సోషల్ వర్కర్ల సంఘం గుర్తింపున్న కోర్సులో 1,000 గంటల ఫీల్డ్‌వర్క్ పూర్తి చేయాలి. అదీ ఒకేచోట కాదు, కనీసం రెండు ప్లేస్‌మెంట్లలో. వారానికి 35 గంటల లెక్కన 28 వారాలు దాటుతుంది. సాధారణంగా దానికి జీతం ఉండదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పనిచేయాలి. కోర్సులో తప్పనిసరి ప్లేస్‌మెంటు ఆ 48లోకి రాదు. అదొక వెసులుబాటే. కానీ వీసా లెక్కలో చేరని గంటలు ఒంటి లెక్కలో చేరతాయి.

అక్కడి పిల్లలకే ఇది మోయలేని బరువైంది. దానికి ‘ప్లేస్‌మెంట్ పేదరికం’ అని పేరు కూడా పెట్టారు. చివరికి ప్రభుత్వం కదిలి, 2025 జులై 1 నుంచి టీచర్, నర్సు, మంత్రసాని, సోషల్ వర్క్ కోర్సుల్లో అర్హులైనవాళ్లకు ప్లేస్‌మెంటు రోజుల్లో వారానికి 331.65 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

‘నీకూ వస్తుందా?’

‘వీసా పిల్లలకు లేదు మావయ్యా’ అంది. గొంతులో ఫిర్యాదు లేదు. వెంటనే ఇంకో కబురు ఎత్తుకుంది. ప్లేస్‌మెంటులో ఒకావిడ వరుసగా మూడుసార్లు అపాయింట్‌మెంటుకు రాలేదట. ఆఫీసువాళ్లు ‘సహకరించడం లేదు’ అని రాసి ఫైలు మూసేయబోయారట. ‘మనం రమ్మన్నది నాలుగింటికి. ఆవిడ క్లీనింగ్ షిఫ్టు దిగేది ఆరింటికి’ అని మా పిల్ల చెప్పిందట. టైము మార్చారు, ఆవిడ వచ్చింది.

ఫోన్ పెట్టేశాక కలం కదల్లేదు. నలభై ఏళ్ల కిందటి మా క్లాస్‌మేట్ ఒకడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

మా బ్యాచ్‌లో అతని పేరు ‘నైట్ డ్యూటీ’. ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో రాత్రి ఆపరేటరు. ఉద్యోగం సంగతి కాలేజీలో చెప్పకుండా చేరాడు. నాన్న లేడు, ఇద్దరు చెల్లెళ్లు. పొద్దున తొమ్మిదింటికి ఎర్రటి కళ్లతో వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. పాఠం మొదలైన పావుగంటకు తల వాలిపోయేది. ముందు బెంచీలో కూర్చుని నోట్సు రాసుకునే బుద్ధిమంతుణ్ణి నేను. ఓ రోజు మేడమ్ దగ్గరికి వెళ్లి, ఇలా నిద్రపోయేవాళ్ల వల్ల క్లాసు పాడవుతోందని చెప్పాను. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

మా ఇద్దరికీ ఫీల్డ్‌వర్క్ ఒకే ఆసుపత్రిలో పడింది, క్షయ వార్డు. ఆ రోజుల్లో మందులు ఏడాదికి పైగా వాడాల్సి వచ్చేది, మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ. నాకు అప్పగించిన కేసు ఒక జూట్ మిల్లు కార్మికుడు. రెండు నెలలుగా మందులకు రావడం లేదు. నేను ఇంటికి వెళ్లి, జబ్బు గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చి, వచ్చి రిపోర్టు రాశాను: ‘రోగికి అవగాహన లేదు. కౌన్సెలింగ్ ఇవ్వడమైనది.’

మేడమ్ చదివి కాగితం పక్కన పెట్టారు. ‘నువ్వు అతనికి చెప్పినవి రాశావు. అతను నీకు చెప్పినవి ఏవీ?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ వెళ్లమన్నారు, తోడుగా నైట్ డ్యూటీని పంపారు.

అతను ఆ ఇంట్లో అవగాహన మాటే ఎత్తలేదు. ‘ఏ షిఫ్టన్నా?’ అన్నాడు, అంతే. ఆ మనిషి గంటసేపు మాట్లాడాడు. పొద్దుటి షిఫ్టు. ఆసుపత్రిలో మందులిచ్చేది మధ్యాహ్నం లోపే. మందుల కోసం పోతే ఆ రోజు కూలి పోతుంది, నాలుగుసార్లు పోతే మేస్త్రీ పేరు కొట్టేస్తాడు. జబ్బంటే ఏమిటో అతనికి నాకంటే బాగా తెలుసు. తెలియంది నాకే.

బస్సులో తిరిగి వస్తూ నైట్ డ్యూటీ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆ రోజు నేను కదలకుండా కూర్చున్నాను. మేడమ్‌కు చేసిన ఫిర్యాదు సంగతి మాత్రం అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఈ చదువు పుట్టుక గురించి ఏటా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, అందులోని సంగతి నాకే ఎక్కలేదు. ఈ చదువుకు పునాది వేసినవాళ్లలో ఒకరైన మేరీ రిచ్‌మండ్ కాలేజీ గడప తొక్కని మనిషి. గుమాస్తాగా, లెక్కలు రాసే ఉద్యోగిగా బతికి, 1889లో బాల్టిమోర్ ధర్మసంస్థలో అసిస్టెంట్ ట్రెజరరుగా చేరింది. ఈ పనికి శిక్షణ కావాలని 1897లో టొరంటోలో ఆమె గట్టిగా వాదించింది. మరుసటి ఏడాదే, 1898లో, న్యూయార్క్‌లో ఆరు వారాల వేసవి బడి పెట్టారు. చేరినవాళ్లలో చాలామంది అప్పటికే ధర్మసంస్థల్లో పనిచేస్తున్నవాళ్లు. ఇప్పటి కొలంబియా సోషల్ వర్క్ స్కూలుకు వేరు అదే. అంటే, ఈ చదువు పుట్టిందే ఉద్యోగం చేసేవాళ్ల కోసం. వాళ్లను బయట నిలబెట్టాలని ఇన్నాళ్లూ నేను పాడుతూ వచ్చాను.

ఈ చదువు కోసం పిల్లలు సముద్రాలు దాటుతున్నారు సరే, బడి సముద్రాలు దాటి రావడమూ కొత్త కాదు. బొంబాయిలో 1936లో మొదలైన సర్ దోరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌కు తొలి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్. అదే ఈనాటి టిస్. అమెరికాలోని సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయం తన ఎంఎస్‌డబ్ల్యూని సియోల్ దాకా తీసుకెళ్లింది. ఊరు వదలకుండా పార్ట్‌టైమ్‌గా చదువుకునే వీలు అది. ఇలాంటిచోట పాఠం చెప్పే ప్రొఫెసరు విమానంలో రాగలడు. ఫీల్డ్‌వర్క్ మాత్రం ఆ ఊళ్లో, ఆ భాషలో, అక్కడి సూపర్‌వైజరు దగ్గరే జరగాలి. అమెరికా నిబంధన ప్రకారం ఆ గంటలు 900కు తగ్గకూడదు.

‘పనిచేసే పిల్లలు పాపం, గంటలు తగ్గించొచ్చుగా’ అని కొందరు అంటారు. అక్కడ మాత్రం నేను మారలేదు. నైట్ డ్యూటీకి షిఫ్టు బాధ ముందే తెలుసు, నిజమే. కానీ తనకు తెలియని మనుషుల ముందు కూర్చోవడం అతనూ ఆ గంటల్లోనే నేర్చుకున్నాడు. గంటలు ఉండాలి. వాటికి కూలి ఉండాలి. వీసా చూడకుండా ఉండాలి. ఎదుటివాడి కూలి ఎందుకు పోతోందని అడగడం నేర్పే చదువు, తన విద్యార్థి కూలి సంగతి అడక్కపోతే ఎలా?

కరపత్రం వేసే అయ్యలకు ఒక విన్నపం. ‘ఉద్యోగం చేసుకుంటూనే చదవండి’ అన్న లైను ఉంచండి, నాకిప్పుడు అభ్యంతరం లేదు. దాని కిందనే ‘వెయ్యి గంటల ఫీల్డ్‌వర్క్ ఉంటుంది, దానికి జీతం రాకపోవచ్చు’ అని, అదే ఎర్ర రంగులో, అంతే లావు అక్షరాల్లో వెయ్యండి.